చుక్కల గీత దగ్గర

"శనివారం నువ్వు బయటికెళ్తే నా తువ్వాలు ఎక్కడుందో ఎవరు చెబుతారు?" అన్నారు మావారు, నేను ఆరిన బట్టలు మడతపెడుతుంటే. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది. చూపించాను. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వునే అనుమతి అనుకుని మిగిలిన బట్టలు గబగబా మడిచేశాను. పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయినా అనుమతుల్ని ఇలా నేలమీద గింజల్లా ఏరుకుంటున్నానేమిటని అప్పుడు తోచలేదు.

మా వీధి చివరి గ్రంథాలయంలో ఆరు శనివారాలు హెచ్‌టిఎంఎల్ నేర్పుతామని కాగితం అంటించారు. ఫోనులో కనిపించే పేజీని మన చేత్తో మనమే కట్టుకోవడమట. పన్నెండు మందిమి చేరాం, కంప్యూటర్లు ఆరే. ఒకరు టైపు చేస్తుంటే పక్కవాళ్ళు తప్పులు పట్టాలి, పావుగంటకోసారి కుర్చీలు మారాలి. నా జత టైలరమ్మ. తన కొట్టుకి పేజీ కావాలని వచ్చింది. నేను ట్యాగ్ అనే గుర్తు తెరిచి, దాని జత గుర్తుతో మూయడం మర్చిపోతే, "వదినా, గుండీ కుట్టి కాజా వదిలేశావు," అనేది. మొదటివారం ఒక్క కాజా మర్చిపోయినందుకు పేజీ అంతా లావు అక్షరాలైపోయింది. "ఊరంతటినీ పేరుపెట్టి కేకేస్తున్నట్టుంది," అని టైలరమ్మ నవ్వితే, నేను కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మావారు ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది. మామగారు అచ్చువేయించిన ప్రార్థన పాటల పుస్తకం ప్రతులు చిరిగి, ఒక్కటే మిగిలింది. మా ప్రార్థన బృందం వాళ్ళు ఫోనులో ఉంటే బాగుంటుందన్నారు. "నేర్చుకుంటే నాన్నగారి పుస్తకం ఎక్కించు. ఆయన పేరు పైన పెద్దగా ఉండాలి," అన్నారు మావారు.

ఆ పాటలు మా అమ్మవి. అమ్మకు చదువు రాదు. పెరట్లో బట్టలు ఉతుకుతూ, పిండుతూ, ఆరేస్తూ పాడేది. నాకు పదేళ్ళు. వెనక మెట్ల మీద కూర్చుని, బడి నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాల మీద రాసేదాన్ని. "రాసిపెట్టవే. నాకు మతిపోయిన రోజున నువ్వు చదివి చెబుదువుగాని," అనేది. ఆ సబ్బు వాసన, తడిబట్ట దులిపినప్పుడు నా పుస్తకం మీద పడే తుంపర, చెరిగిన అక్షరం మీద నేను మళ్ళీ దిద్దుకోవడం, అన్నీ ఇప్పటికీ నాతోనే ఉన్నాయి. ఒకరోజు ఒక పాటలో చివరి చరణం అమ్మకు గుర్తు రాలేదు. దండెం మీద దుప్పటి సర్దుతూ, ఆ చోట కూనిరాగం తీసి ముందుకెళ్ళిపోయింది. తర్వాత అడిగి పూరిద్దామని నేను అక్కడ చుక్కలతో గీత గీశాను. అడగనేలేదు.

పెళ్ళయ్యాక ఆ నోటుపుస్తకం నా బట్టల మధ్య మామగారి కంటపడింది. "బంగారంలాంటి పాటలమ్మా," అని మురిసిపోయారు. అంట్లు కడిగాక రోజుకొకటి చొప్పున నలభై ఒక్క పాటలూ కొత్తగా రాసిచ్చాను. పుస్తకం వచ్చింది. అట్ట మీద "సేకరణ" అని ఆయన పేరు. మొదటి ప్రతి నాకే ఇచ్చి, "చూశావా, నీ దస్తూరి ఎంత పనికొచ్చిందో," అన్నారు. ఆయన చెడ్డమనిషి కారు. నిజంగానే మెచ్చుకుంటున్నానని అనుకున్నారు. దేవుడికి తెలుసు కదా, చాలదా అని నేనూ సమాధానపడ్డాను.

చుక్కల గీత కూడా అలాగే అచ్చయింది. "అక్కడ మాటలకందనిది ఉంది, అందుకే కవి ఖాళీ వదిలాడు," అని మామగారు బృందానికి వివరించారు. అప్పట్నుంచి పదిహేడో పాటలో ఆ చోటికి రాగానే అందరూ కళ్ళు మూసుకుని భక్తిగా "ఊఁ" అంటారు. ముప్పై ఏళ్ళుగా నేనూ వాళ్ళ మధ్య కూర్చుని అన్నాను. ఈలోపు అమ్మకు నిజంగానే మతి తప్పింది. వారానికోరోజు వెళ్ళొస్తానంటే, "ఇక్కడ పనెవరు చూస్తారు?" అన్నారు అత్తగారు. అమ్మ ఉన్నన్నాళ్ళూ చదివి చెప్పడానికి నాకు కుదరనేలేదు.

నాలుగో వారం టీచరమ్మ కామెంట్ నేర్పింది. మా అమ్మాయి వయసే ఉంటుంది. "ముందు ఈ నాలుగు గుర్తులు, వెనక ఈ మూడు. మధ్యలో ఏం రాసినా ఫైల్లో ఉంటుంది, చూసేవాళ్ళకు కనిపించదు," అంది. నేను చుక్కల గీత కింద నాలుగు గుర్తులు పెట్టి రాశాను: ఇక్కడ మా అమ్మకు చరణం గుర్తు రాలేదు. దుప్పటి ఆరేస్తూ కూనిరాగం తీసింది. మెట్ల మీద కూర్చుని రాసింది నేను.

రాసి పేజీ చూస్తే, ఆ గీత తర్వాత ఒక్క పాటా లేదు. మూడు వారాలు టైపు చేసినవన్నీ తుడిచిపెట్టుకుపోయాయనుకున్నాను.

"కాజా," అంది టైలరమ్మ మెల్లగా.

టీచరమ్మ వంగి చూసి, వెనకవైపు మూడు గుర్తులు పెట్టింది. పాటలన్నీ తిరిగొచ్చాయి. "ఎక్కడికీ పోలేదమ్మా. లోపలే ఉన్నాయి, కనబడలేదంతే," అంది. తనకది రోజూ చెప్పే మాట. నేను మాత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ దాన్నే నెమరేసుకున్నాను.

ఆఖరి శనివారం నేను తరగతిలో ఉండగా మావారు ఫోను చేశారు. "రేపు ప్రార్థనలో అందరికీ చూపిస్తానని చెప్పేశాను. నాన్నగారి పేరు పైన పెట్టావా?"

"పెట్టానండీ. అచ్చువేయించినవారు అని పెట్టాను."

"సేకరణ అని కదా ఉండాలి?"

"సేకరించింది ఆయన కాదు కదండీ."

"ఇప్పుడవన్నీ ఎవరడిగారే?" అన్నారు. కోపంగా కాదు, తువ్వాలు కనబడనప్పటి గొంతుతో.

నిజమే, ఎవరూ అడగలేదు. దేవుడికి తెలిస్తే నాకు చాలు. కానీ కళ్ళు మూసుకుని "ఊఁ" అంటున్న వాళ్ళకి తెలియొద్దా? దేవుడి ముందు కూర్చుని ఉన్నమాట దాచిపెట్టడం మాత్రం భక్తేనా? "ఇంటికొచ్చాక మాట్లాడుకుందామండీ," అని ఫోను పెట్టేశాను.

టైపు చేసే వంతు టైలరమ్మది. "ఒక్క నిమిషం," అని కుర్చీ మారాను. పదిహేడో పాట దగ్గరికి వెళ్ళాను. ముందున్న నాలుగు గుర్తులు చెరిపాను. వెనకున్న మూడూ చెరిపాను. సేవ్ నొక్కాను.

రేపు అందరూ అక్కడికొచ్చి ఆగినప్పుడు, కళ్ళు తెరిస్తే చాలు, ముప్పై ఏళ్ళుగా ఎవరి దగ్గర ఆగుతున్నారో కనిపిస్తుంది.