నాలుగో అంతస్తు శ్లోకాల తరగతి

అపార్టుమెంటు అసోసియేషన్ నోటీసును లిఫ్టు తలుపుకు అతికించారు. మోకాళ్లు పట్టేయకుండా ఉంటాయని సంపత్కుమార్ రోజూ మెట్లెక్కుతాడు కాబట్టి దాన్ని చూడలేదు. ఎదురు ఫ్లాట్ కృపామణి వచ్చి చెబితేనే తెలిసింది.

"ఫ్లాట్లు కాపురానికే వాడాలంట సార్. పిలకాయల్ని పెట్టుకునేది యాపారం కిందికి వస్తాదంట. నెలాఖరుకు ఆపేయమన్నారు."

ఆమె చంకలో మూడేళ్ల మునికుమార్ ఆమె చెవి కమ్మ పట్టుకుని తిప్పుతున్నాడు. తన గురించే మాట్లాడుతున్నారని వాడికేం తెలుసు.

కృపామణి ఐదుగురు పిల్లల్ని చూసుకుంటుంది. తల్లులందరూ పనులకు పోయేవాళ్లు. ఒకామె ఆస్పత్రిలో నర్సు, ఒకామె చీరల కొట్లో ఉంటుంది. మునికుమార్ తల్లి కోమలి సూళ్లూరుపేట దగ్గరి ఫ్యాక్టరీలో ఫోన్ల భాగాలు బిగిస్తుంది. కంపెనీ బస్సు తెల్లారకముందే వచ్చేస్తుంది. మొగుడు లారీ మీద బెంగళూరు, హుబ్లీ అని తిరుగుతుంటాడు. పిల్లల్ని చూసుకునే సెంటర్లు ఊళ్లో లేకపోలేదు, కానీ అవి తొమ్మిదికి గాని తలుపు తీయవు. నిద్రపోతున్న పిల్లాణ్ణి చీకట్లో చేతుల్లోకి తీసుకుని తన పక్కలో పడుకోబెట్టుకునే మనిషి తిరుపతి మొత్తం మీద కోమలికి కృపామణి ఒక్కతే. ఇక్కడ ఆగిపోతే వాడు పలమనేరులో అమ్మమ్మ దగ్గరికి పోవాల్సిందే. కోమలికి వారానికి ఒక్కరోజు సెలవు. పలమనేరుకు పోను రాను ప్రయాణానికే అది సరిపోతుంది.

"నేను మాట్లాడతానమ్మా," అన్నాడు సంపత్కుమార్.

ఆ మాట ఊరికే అనలేదు. దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. కింద పడకుండా కాగితాన్ని ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్లకు ఎట్లా దాటించాలో ఆయనకు తెలుసు. పైగా కృపామణి పట్ల ఆయనకు ఒక కృతజ్ఞత ఉంది. రెండేళ్ల కిందట భార్య పెరుందేవి పోయినప్పుడు, బయటి వంట తినని ఇల్లు ఇదని తెలిసి, కృపామణి వండినవేవీ పంపలేదు. పొద్దున్నే బీన్సు, బీరకాయ శుభ్రంగా తరిగి, గిన్నె మీద మూత పెట్టి గడప పక్కన ఉంచి వెళ్లేది. "వండితే తినరు గానీ తరిగితే తింటారు కద సార్," అనేది. దుఃఖంలో ఉన్న మగవాడికి కత్తిపీట ముందు కూర్చోవడమే కష్టమని ఆమెకు ఎవరు చెప్పారో.

అసోసియేషన్ ప్రెసిడెంట్ దేవరాజులు, ఆర్టీసీలో డిపో కంట్రోలరుగా చేసినవాడు. సాయంత్రం సెల్లార్లో కుర్చీ వేసుకుని బండ్లు ఎవరి గీతలో వాళ్లు పెట్టారో లేదో చూస్తుంటాడు.

"నాకేం పగ స్వామీ," అన్నాడు. "ఆ పిలకాయలు లిఫ్టులో అన్ని బటన్లూ నొక్కి దిగిపోతారు. నేను ఒక్కో అంతస్తు దర్శనం చేసుకుని ఇల్లు చేరాల. ఆమె పక్క ఫ్లాట్ బాలాజీకి నైట్ డ్యూటీ. పగలు పండుకుంటే గోడ అవతల గోల. రూల్ ఉండాది కదా అని అడుగుతా ఉండాడు. ఉండే రూల్ ల్యాకుండా చేసేది ఎట్ట?"

రూలు నిజంగానే ఉంది. ఫ్లాట్లలో వ్యాపారాలు నడపరాదు. కానీ కింద ఇంకో వాక్యం ఉంది. భజనలు, వ్రతాలు, పిల్లలకు శ్లోకాలు నేర్పే తరగతులు దీని కిందికి రావు. ఎప్పుడో రెండో అంతస్తు చంద్రకాంతమ్మ తన శనివారం భజన కోసం పట్టుబట్టి రాయించుకున్న వాక్యం అది. ఆ వాక్యం చూడగానే సంపత్కుమార్‌కు దారి దొరికినట్టయింది.

"పిల్లలు పగలంతా మా ఇంట్లో ఉంటారు, నేను శ్లోకాలు నేర్పుతాను. కృపామణి సాయం చేస్తుంది. అప్పుడు మీకు ఇబ్బంది లేదు కదా?"

దేవరాజులు ఆయన నుదుటి నామం వంక చూసి నవ్వాడు. "స్వామీ, మీరు డిపోలో ఉండాల్సినోళ్లు. సరే, శనివారం కమిటీ వచ్చి చూస్తాది. తరగతి మాదిరిగా కనపడితే నోటీసు చింపేస్తా."

ఆ సంగతి చెప్పినప్పుడు కృపామణి వెంటనే సంతోషపడలేదు. "మీ ఇంట్లో నేను తిరిగితే మీకు బాగుంటాదా సార్?" అంది.

"పెరుందేవి ఉంటే నాకంటే ముందే నిన్ను పిలిచేది."

ఆదివారం సెలవున్న కోమలి వచ్చి చేతులు జోడించబోయి, ఆయన వద్దంటే నవ్వేసింది. "మావోడు శ్లోకాలు సెప్పినాడంటే మా అమ్మ నమ్మదు సార్. వాడికి వచ్చేది రెండే మాటలు, అన్నం, ఇంకా అన్నం."

సోమవారం నుంచి ఆ ఇంట్లో మనుషుల చప్పుడు మొదలైంది. ఐదుగురూ చాప మీద వరసగా కూర్చునేవాళ్లు. ఆయన విష్ణువు మీది ఒక చిన్న శ్లోకం ఎంచుకుని పాదం పాదం చెప్పించాడు. అయ్యాక ఒక్కొక్కరి చేతిలో కలకండ పలుకు పెట్టేవాడు. రెండో రోజో మూడో రోజో, శ్లోకం ముగియగానే మునికుమార్ కళ్లు గట్టిగా మూసుకుని "ఆమెన్" అన్నాడు. మిగతా నలుగురూ అందుకున్నారు.

అది ఎక్కడిదో ఆయనకు తెలుసు. అన్నం పెట్టే ముందు కృపామణి పిల్లల చేత చేతులు జోడింపజేసి, ఈ కూడు ఇచ్చినందుకు దేవుడికి వందనాలు చెప్పించి ఆమెన్ అనిపించేది. తల్లులెవరూ తప్పు పట్టలేదు. పిల్లల లెక్కలో అది దేవుడి మాట కూడా కాదు, ఇక తినడానికి ఏదో వస్తుందనే మాట.

కృపామణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అట్ట అనగూడదు నాయనా, ఇది తాతోళ్ల శ్లోకం."

"అననీమ్మా," అన్నాడు సంపత్కుమార్. చాన్నాళ్లకు కడుపునిండా నవ్వాడాయన. "ఎవరికి వినపడాలో వాళ్లకు వినపడుతుంది." మరునాడూ దిద్దలేదు, ఆ తర్వాతా దిద్దలేదు. ఆ ఒక్క మాట దగ్గర వాళ్ల గొంతులన్నీ కలిసేవి. దాన్ని తీసెయ్యడానికి ఆయనకు మనసు రాలేదు.

శనివారం కమిటీ వచ్చింది. దేవరాజులు, చంద్రకాంతమ్మ, ఫోన్ పట్టుకుని బాలాజీ. పిల్లలకు తలలు దువ్వి, నుదుట బొట్లు పెట్టి, చాప మీద కూర్చోబెట్టారు. కృపామణి వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది. పిల్లలు శ్లోకం ఒక్క అక్షరం పోకుండా చెప్పారు. చంద్రకాంతమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మా మనవరాలికి కూడా ఇంత బాగా రాదు," అంటూ ఆమె పర్సులోంచి చాక్లెట్లు తీయబోయింది.

చాక్లెట్లు చూడగానే ఐదుగురూ కళ్లు మూసుకుని, ముక్తకంఠంతో, "ఆమెన్" అన్నారు.

దేవరాజులుకు నవ్వొచ్చింది గానీ చంద్రకాంతమ్మ ముఖం చూసి మింగేశాడు. బాలాజీ ఫోన్ దించలేదు.

"పిల్లలమ్మా," అన్నాడు సంపత్కుమార్. "అన్నం ముందు అనే మాట. వాళ్లకు అర్థం తెలియదు."

"అర్థం తెలియని పిలకాయలకే కదా స్వామీ నేర్పేది," అంది చంద్రకాంతమ్మ. కోపంగా అనలేదు, దెబ్బతిన్న మనిషిలా అంది. చాక్లెట్లు మాత్రం పిల్లలకు ఇచ్చే పోయింది.

సాయంత్రానికి ఆ వీడియో అపార్టుమెంటు గ్రూపులో ఉంది. రాత్రికి బంధువుల గ్రూపుల్లోకి పోయింది. లిఫ్టు గోల, మధ్యాహ్నం గోల అందరూ మరిచిపోయారు. కొండ కింద, నామం పెట్టుకున్నాయన ఇంట్లోనే పిల్లల్ని మతం మారుస్తున్నారని ఎవరో రాశారు. ఎవరో పోలీసుల మాట ఎత్తారు. సంపత్కుమార్ కళ్లద్దాలు పెట్టుకుని జరిగింది జరిగినట్టు నెమ్మదిగా టైపు చేసి పంపాడు. దాని కింద ఎవరో దండం బొమ్మ పెట్టారు. తర్వాత మాటలు మళ్లీ పాత దారిలోనే పోయాయి.

పొద్దున్నే దేవరాజులు మెట్లెక్కి వచ్చాడు. "ఆ కృపామణి తల్లి సంగతి నాకు తెలుసు స్వామీ. నోటీసు చింపేద్దామనే వచ్చినా నిన్న. ఇప్పుడు నా చేతుల్లో ల్యా. అందరి నోళ్లు నేను మూయలేను కదబ్బా." మెట్ల వైపు తిరిగాడు. "మీరు మొదుట్లోనే ఆ మాట ఆపించి ఉంటే..." అని, పూర్తిచేయకుండా దిగి పోయాడు.

నాయుడుపేటలో ఉండే ఫ్లాట్ ఓనరు కృపామణికి ఫోన్ చేశాడు. ఇల్లు ఖాళీ చేయమనలేదు, పిల్లల్ని మాత్రం ఆ వారంలోనే ఆపేయమన్నాడు. సంపత్కుమార్ చుట్టుపక్కల వీధుల్లో తిరిగి ఇళ్లు అడిగాడు. పిల్లలు అనగానే కొందరు తల అడ్డంగా ఊపారు. వీడియో చూసిన ఒకాయన, "ఆ స్వామి మీరేనా?" అని అడిగాడు.

"నావల్లే ఇట్లయిందమ్మా," అన్నాడాయన ఒకరోజు కృపామణితో.

ఆమె వరండాలో ఖాళీ చీర ఉయ్యాల విప్పుతోంది. "ఆ మాట నేర్పింది నేను, సార్. నేర్పేటప్పుడు నాకూ మంచిగానే అనిపించింది." చీర మడతపెట్టి చేతిమీద వేసుకుంది. "రేపు మీకు ఏం కూర తరగమంటారు?"

మునికుమార్‌ను తీసుకుపోవడానికి అమ్మమ్మ గురవమ్మ పలమనేరు నుంచి వచ్చింది. కోమలికి సెలవు దొరకలేదు. నిద్రపోతున్న కొడుకును చీకట్లో ఎప్పటిలా కృపామణి చేతుల్లో పెట్టి, ఎప్పటిలాగే బస్సెక్కి పోయింది. ఆ పొద్దు వాడికి ఏమీ తెలియనీయకుండా పోవడం మేలో, కీడో, ఎవరూ చెప్పలేకపోయారు.

బస్టాండుకు సంపత్కుమార్ వాళ్ల వెంట వెళ్లాడు. కృపామణి రాలేదు. వస్తే వాడు తన చంక దిగడని ఆమెకు తెలుసు.

"ఆవుల కాడికి పొయ్యేటప్పుడు వీణ్ణి యాడ పెట్టేదో తెల్దు స్వామీ," అంది గురవమ్మ. "తాడు గట్టి మంచానికి కట్టేసేదే. మా కోమల్ని అట్నే పెంచినా." తను వేళాకోళానికే అన్నానన్నట్టు నవ్వింది గాని, నవ్వు మధ్యలోనే ఆగింది.

బస్సు నిండిపోయింది. కిటికీ పక్కన కూర్చున్న ఒకమ్మాయి పిల్లాణ్ణి చూసి, ఏమీ అడగకుండా లేచి సీటు ఇచ్చింది. సంపత్కుమార్ బయటి నుంచి సంచీ అందించాడు.

"తాతా, నువ్వు రావా?"

"నేను తర్వాత బస్సుకు వస్తా నాయనా." అబద్ధమని తెలిసే చెప్పాడు.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. గురవమ్మ సంచీలోంచి బన్ను తీసి పిల్లాడి చేతిలో పెట్టింది. వాడు నోట్లో పెట్టుకోలేదు. దాన్ని జాగ్రత్తగా ఒళ్లో ఉంచుకుని, రెండు చేతులూ జోడించి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. శ్లోకంలా ఉంది, ఎక్కడా తడబడటం లేదు. గురవమ్మ తినమని వాడి భుజం తట్టబోయి, వాడి ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

బస్సు కదిలింది. వాడు చివరి మాట అన్నాడో, శ్లోకం వరకే ఆపాడో, సంపత్కుమార్‌కు వినపడలేదు. బస్సు గేటు దాటేలోగా వాడు బన్ను కొరకడం మాత్రం కనిపించింది.