ఆటగాడికో ప్లేటు

ఓవెన్ తలుపు తీయొద్దని బ్రెట్‌కి రెండుసార్లు చెప్పి, ఉతికిన బట్టలు తీగమీద ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. నా మొగుడు దాని ముందు వంగి, నిన్న మిగిలిన సాసేజ్ రోల్‌ని పై అరలోకి తోస్తున్నాడు.

"ఒక్క నిమిషమేగా తీసింది," అన్నాడు నా మొహం చూసి.

చీజ్‌కేక్ పాడవడానికి ఆ ఒక్క నిమిషం చాలు. పొద్దున్నే క్రీమ్ చీజ్ బయటపెట్టి మెత్తబడేదాకా కాచుకున్నాను, తొందరపడితే ఉండలు కడుతుంది. కారమెల్ రుచి ఉండే ఆ ఎర్రటి బిస్కెట్లను అప్పడాల కర్రతో పొడి చేసి, కరిగిన వెన్నలో కలిపి, డబ్బా అడుగున గ్లాసుతో అదిమాను. పంచదార, పుల్లటి మీగడ, అవే బిస్కెట్లతో చేసి సీసాల్లో అమ్మే ముద్ద, అన్నీ గాలి చొరబడకుండా మెల్లగా కలిపి, గుడ్లు ఒక్కొక్కటే వేశాను. డబ్బాని వేడినీళ్ళ ట్రేలో దించి సన్నటి సెగమీద పెట్టాను. నడుమ ఇంకా వణుకుతూ ఉండగానే సెగ ఆపి, తలుపు సందులో చెక్క గరిటె ఇరికించి, దానంతటది చల్లారేదాకా వదిలేయాలి. మధ్యలో చల్లగాలి తగిలిందా, పగులుతుంది. పగిలింది. ఆ చివర నుంచి ఈ చివరికి, నా బొటనవేలు దూరేంత.

"పైన ఎలాగూ ఆ ముద్ద కరిగించి పోస్తావుగా. ఎవరికి కనపడుతుంది?" రోల్ ఊదుకుంటూ అన్నాడు బ్రెట్.

నిజమే. ఎవరికీ కనపడదు. నాకు ఒళ్ళు మండింది కూడా ఆ మాటకే. మా పెళ్ళైనప్పటినుంచీ బ్రెట్ తీసిన తలుపులకి నేను పైపూతలు పూస్తూనే ఉన్నాను. గోధుమ కోతలప్పుడు వాడు పనివాళ్ళమీద అరిస్తే నేను వెళ్ళి కేకు ముక్కతో సర్దిచెప్తాను. వాళ్ళమ్మ పుట్టినరోజు వాడు మరిచిపోతే పూలమీద వాడి పేరు నేను రాస్తాను. నేను పనిచేసే స్కూలు ఆఫీసులోనూ అంతే. టీచర్లలో ఎవరి పుట్టినరోజైనా ప్రిన్సిపాల్ నా బల్ల దగ్గరికొచ్చి వేళ్ళతో తట్టి, "నీ చేతిలో ఏదో ఉంది జానెల్," అంటాడు. ఆ సమయానికి నా చేతిలో ఉండేవి ఒక ఫోనూ, జ్వరమొచ్చిన పిల్లాడు వాంతి చేసుకునే గిన్నే. అయినా మరుసటిరోజు కేకు తీసుకెళ్తాను. మునగచెట్టు ఎక్కించేవాళ్ళు ఉన్నంతకాలం ఎక్కేవాళ్ళు ఉంటారు.

ఈ చీజ్‌కేక్ రేపటి మ్యాచ్ కోసం. మా ఊరి క్రికెట్ క్లబ్ రెండో జట్టుకి బ్రెట్ కెప్టెన్. ఈ ఏడాది నుంచి మా అమ్మాయి టీగన్ కూడా ఆ జట్టులోనే ఆడుతోంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపినా అమ్మాయిల జట్టుకి సరిపడా మంది దొరక్క అది మూతపడితే, మగవాళ్ళ జట్టులో చేర్చుకున్నారు. పదహారేళ్ళది, లెగ్‌స్పిన్ వేస్తుంది. ట్రాక్టర్ షెడ్డు రేకు గోడమీద బంతి కొట్టీ కొట్టీ తనంతట తనే నేర్చుకుంది. ఆ డమడమల్లోనే నేను ఎన్నో సాయంత్రాలు వంటచేశాను. వచ్చిన కొత్తలో మగవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఇప్పుడు దాని బంతి పొడవాటి కుర్రాళ్ళ కాళ్ళ వెనకనుంచి తిరిగి వికెట్లు పడేస్తోందట.

పడేస్తోందట అనే అనాలి. ఒక్కటి కూడా నేను చూడలేదు.

ఆడేది మా ఊళ్ళోనైతే మధ్యాహ్నం టీ, తిండీ మేమే పెట్టాలి. ఆ టీకి మా అత్తగారు గ్లెనిస్ మహారాణి. నేను కోడలిగా రాకముందునుంచీ క్లబ్ హాలు వంటగది ఆవిడదే. ఆటగాడికో ప్లేటు అన్నది ఆవిడ పెట్టిన నియమం, ఒక్కొక్కడి పేరున ఒక్కో ప్లేటు తిండి. అంటే ఆటగాడు తెస్తాడని కాదు, ఆటగాడి పెళ్ళామో తల్లో, ఆ ఇద్దరూ లేకపోతే స్నేహితురాలో తెస్తుంది. జట్టులో డగ్ అనేవాణ్ణి పెళ్ళాం వదిలి వెళ్ళిపోయింది కాబట్టి చిప్స్ ప్యాకెట్ ఒకటి కొనుక్కొస్తాడు. దాన్ని గిన్నెలో పోస్తే చాలు, పాపం డగ్, ఎంత శ్రమపడ్డాడో అని అందరూ కరిగిపోతారు.

టీగన్ జట్టులోకి వచ్చిన వారమే అత్తగారు ఫోన్ చేసింది. "మీ ఇంట్లోంచి ఇప్పుడు ఇద్దరు ఆడుతున్నారు కదా. ఆటగాడికో ప్లేటు. ఇకనుంచి నీవి రెండు."

"ఒకటి బ్రెట్‌ని చేయమందాం," అన్నాను.

"వాడేం చేస్తాడే, టోస్టా?" అని ఫోన్లోనే పగలబడి నవ్వింది. పక్కన వింటున్న బ్రెట్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ ఊళ్ళో నవ్వని కోడల్ని తలపొగరుదంటారు.

అలా రెండు ప్లేట్లు నావయ్యాయి. గుడ్డు శాండ్‌విచ్‌లు ఒకటి, చీజ్‌కేక్ ఒకటి. ఆ వంటగదికి ఉన్న ఒక్క కిటికీలోంచి కనపడేది వాననీళ్ళ ట్యాంకు. మైదానం అవతలివైపు. మా వాళ్ళు కార్లని మైదానం చుట్టూ ముక్కు లోపలికి పెట్టి ఆపుకుని, అందులోనే కూర్చుని ఆట చూస్తారు. మావాళ్ళు వికెట్ తీస్తే చప్పట్లకి బదులు హారన్లు కొడతారు. నా కూతురు ఏం సాధిస్తోందో నాకు ఆ హారన్లే చెప్పాలి. శాండ్‌విచ్ అంచులు కోస్తూ వింటాను. ఒకసారైతే పరుగెత్తుకుంటూ బయటికొచ్చాను. అప్పటికే కొత్త బ్యాట్స్‌మన్ నడిచొస్తున్నాడు. నా చేతిలో వెన్న కత్తి.

ఆ శుక్రవారం సాయంత్రం బిస్కెట్ ముద్ద కరిగించి, గిన్నె ఎత్తి, పగులుమీద పోయబోయి ఆగాను. ఎందుకో చెయ్యి వంగలేదు. టీగన్ అప్పుడే షెడ్డు దగ్గరనుంచి వచ్చింది, ఉంగరపు వేలికి ప్లాస్టర్ వేసుకుని. తనకో చెంచా ఇచ్చాను, నేనొకటి తీసుకున్నాను. గట్టు దగ్గర నిలబడి ఇద్దరం ఆ వెచ్చటి ముద్దంతా గిన్నె నాకేసేదాకా తిన్నాం.

"రేపు చూస్తావా అమ్మా?"

"చూస్తాను."

"సరే," అంది. ప్రతిసారీ అలాగే అంటావని అనలేదు. అనుంటే బాగుండేది, నాకు అంత గుచ్చుకునేది కాదు.

శనివారం పొద్దుటికే ఎండ నిప్పులు చెరుగుతోంది. చీజ్‌కేక్‌ని ఐసుపెట్టెలో పెట్టుకుని, శాండ్‌విచ్‌లమీద తడిగుడ్డ కప్పుకుని, బ్రెట్ కిట్టుబ్యాగూ నేనే మోసి పికప్ బండిలో వేశాను. వాడు టాస్ వెయ్యాలని ముందే వేరే కారులో వెళ్ళిపోయాడు. బండిని మైదానం అంచున, ముక్కు లోపలికి పెట్టి ఆపాను. ఎందుకంటే ఈసారి చూస్తానన్నాను కదా. దిగి ఐసుపెట్టె లోపల పెట్టొద్దామని వెళ్ళాను. వెళ్ళడమే, ఇక బయటపడలేదు.

"గుడ్లల్లో ఉప్పు తక్కువైంది," అంది అత్తగారు శాండ్‌విచ్ ఒకటి తెరిచి చూసి. "కప్పులు మళ్ళీ కడుగు జానెల్, ఎలకలు తిరిగుంటాయి. కర్స్టీ, నువ్వు పండు కొయ్యి. పిల్లని కింద కూర్చోబెట్టవే, ఏం కరవదు నేల."

కర్స్టీకి జట్టులో ఒకడితో నిరుడే పెళ్ళైంది. పాపని చంకనేసుకునే ఒంటిచేత్తో పుచ్చకాయ కోస్తోంది. నేను కప్పులు కడుగుతున్నాను. అవతల హారన్లు మోగాయి. కర్స్టీ తలుపు దాకా వెళ్ళి చూసొచ్చి, "టీగనే," అంది. కాసేపటికి మళ్ళీ మోగాయి. మళ్ళీ టీగనే. చేతులు తుడుచుకుని బయలుదేరాను.

"ఇప్పుడెక్కడికి? నీళ్ళు మరుగుతున్నాయి," అంది అత్తగారు. "అది ఎక్కడికీ పోదులే, ఇంటికొచ్చాక చెప్తుంది. మా బ్రెట్ సెంచరీ కొట్టిన రోజు నేను ఇదే పొయ్యి దగ్గరున్నా. ఏమైంది నాకు?"

ఏమైందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆ సెంచరీ గురించి ఆవిడ చెప్పేదంతా ఆ రోజు స్కోన్ రొట్టెలు ఎంత బాగా పొంగాయో, అంతే. ఆవిడమీద జాలిపడాలో, ఆ మరిగే కెటిల్ నేలకేసి కొట్టాలో తెలియక తిరిగి సింకు దగ్గర నిలబడ్డాను. మూడోసారి హారన్లు మోగినప్పుడు కర్స్టీ చూడటానికి వెళ్ళలేదు. నా మొహం చూసింది.

టీ విరామానికి అందరూ లోపలికొచ్చారు. చెమట, మట్టి, గడ్డి వాసన. వంటగదికీ హాలుకీ మధ్య కౌంటర్ ఉంది, దానిమీద రేకు షట్టర్. అది పైకెత్తి ప్లేట్లు పేర్చాం. చీజ్‌కేక్ డబ్బా అంచు విప్పగానే అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "పగిలిందేమే? పైన ముద్ద పోయలేదా?"

"బ్రెట్ ఓవెన్ తలుపు తీశాడు," అన్నాను, హాలంతటికీ వినపడేలా.

నలుగురు నవ్వారు. బ్రెట్ కూడా నవ్వి, రెండు పెద్ద ముక్కలు కోసి అంపైర్ నెవ్‌కి అందించాడు. "తిను నెవ్, మొహమాటపడకు, ఇలాంటిది ఈ జిల్లాలో దొరకదు," అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

టీగన్ మూలబల్ల దగ్గర మిగతా కుర్రాళ్ళతోబాటు కూర్చుంది. అందరికంటే ఎక్కువ ఓవర్లు తనే వేసింది. వేలి ప్లాస్టర్ ఎర్రబడింది. ఎడమచేత్తో చీజ్‌కేక్ ముక్క నోటిదాకా తెచ్చుకుంది.

"టీగన్, ఊరికే కూర్చున్నావేం?" అత్తగారు కౌంటర్ మీదనుంచి కేకేసింది. "లేచి అందరికీ టీ పొయ్యి. మీ అమ్మ ఒక్కతే ఎన్నని చూసుకుంటుంది?"

పక్కనున్న కుర్రాళ్ళలో ఒక్కడూ తలెత్తలేదు. వాళ్ళ తండ్రులూ ఎత్తలేదు. టీగన్ ముక్కని ప్లేటులో పెట్టేసింది. కుర్చీ వెనక్కి జరిపి నావైపు చూసింది.

ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. అది సాయం అడగలేదు. కోపంగా కూడా లేదు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు చిన్నప్పటినుంచీ నన్ను ఎలా చూసేదో అలాగే చూసింది, అమ్మ ఏం చేస్తే అది చేద్దామని. అమ్మ చేతిలో ఏముంది? టీపాట్. గోధుమరంగు ఎనామిల్ది, రెండు చేతులా ఎత్తాల్సినంత పెద్దది.

"కూర్చో టీగన్, తిను," అన్నాను. "బ్రెట్, టీ నువ్వు పొయ్యి."

"ఇప్పుడేంటి జానెల్, అందరి ముందూ?" గొంతు తగ్గించాడు వాడు.

"ఆడపిల్ల ఓ కప్పు టీ పోస్తే అరిగిపోతుందా?" అంది అత్తగారు.

"ఇక్కడ ఆడపిల్లగా రాలేదు గ్లెనిస్, బౌలర్‌గా వచ్చింది. మీరేగా అన్నారు, ఆటగాడికో ప్లేటని. ఇకనుంచి అలాగే కానిద్దాం. ఎవరు ఆడితే వాళ్ళు తెస్తారు, వాళ్ళే పోస్తారు, వాళ్ళే కడుక్కుంటారు. నేను ఆడట్లేదు."

టీపాట్ తీసుకెళ్ళి బ్రెట్ ముందు పెట్టాను. ఆప్రాన్ ముడి వెనకాల బిగుసుకుపోయి రాలేదు. కాసేపు పెనుగులాడి, చివరికి తలమీదనుంచి లాగి పడేశాను. చాలా అందంగా వెళ్ళిపోయానని చెప్పుకోలేను, జుట్టంతా మొహంమీద పడింది. గుమ్మం దాటుతుంటే వెనకాల రేకు షట్టర్ గడగడమంటూ దిగిన చప్పుడు వినపడింది. అది అత్తగారు దించుండదు. కర్స్టీ అయ్యుండాలి.

బండిలో సీటు కాలిపోతోంది. ఆప్రాన్ ఉన్నా కింద వేసుకునేదాన్ని. పక్కనున్న ఎత్తైన గోధుమ గోదాముల నీడ మైదానం సగం దాకా వచ్చింది. ఆట మళ్ళీ మొదలైంది. టీగన్ బంతి అందుకుని, ప్లాస్టర్ పళ్ళతో సర్దుకుని, నాలుగడుగులు ఎగురుతున్నట్టు నడిచొచ్చి వేసింది. దాని నాలిక బంతి వదిలేటప్పుడు బయటికొస్తుందని నాకు ఇప్పుడే తెలిసింది. చిన్నప్పుడు బొమ్మలకి రంగులేసేటప్పుడు అలాగే పెట్టేది. ఇన్ని శనివారాలుగా ఇక్కడందరికీ తెలిసిన సంగతి కన్నతల్లికి ఇవాళ తెలిసింది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాతి బంతి బ్యాట్ అంచుకి తగిలి నేరుగా స్లిప్‌లో ఉన్న బ్రెట్ చేతుల్లోకి వెళ్ళింది. వాడు వదిలేశాడు. చుట్టూ కార్లలోంచి అయ్యో అని మూలుగు. టీగన్ తండ్రివైపు చెయ్యి చాచి బంతి అడిగి తీసుకుంది.

అప్పుడే బండి కిటికీ దగ్గరికి మా అత్తగారు వచ్చింది, నడకకి రొప్పుతూ. "గిన్నెలన్నీ సింకులో అలాగే ఉన్నాయి జానెల్. నెవ్ రెండో కప్పు అడిగి, అందకుండానే మైదానంలోకి వెళ్ళాడు. నవ్వులపాలు చేశావు మమ్మల్ని, ఇకనైనా దిగు."

టీగన్ నడిచొచ్చింది. నాలిక బయటికొచ్చింది. బంతి పైకి లేచి, గాలిలో కాస్త ఆగి, బ్యాట్స్‌మన్ ముందు పడి, వాడు అనుకోని వైపుకి తిరిగి, మధ్య వికెట్‌ని పడేసింది.

నేను హారన్ నొక్కాను. మిగతా కార్లూ మోగాయి, మోగి ఆగిపోయాయి. నాది ఆగలేదు. టీగన్ గిర్రున తిరిగి, ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందా అని కార్ల వరుసంతా వెతుక్కుంటోంది. కిటికీ బయట మా అత్తగారి పెదవులు ఇంకా కదులుతున్నాయి. నా కూతురి చూపు నన్ను చేరేదాకా నేను చెయ్యి తీయదలుచుకోలేదు.