వకుళ మేడమ్ రన్నింగ్ నోట్స్

నేను రెండు వందల పేజీల రూళ్ల నోటుపుస్తకాన్ని. వయసు పదకొండేళ్లు. అట్ట ఊడి, అంచులు నలిగినా నా గర్వం మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గాలి? అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో స్పానిష్ నేర్పే వకుళ మేడమ్ తన చదువంతా నాలోనే దాచుకుంది.

నాలో పదహారు పేజీలు 'యా' అనే ఒక్క మాటకే పోయాయి. స్పానిష్ వాళ్లు రోజుకు వందసార్లు అనే మాట అది. నిఘంటువు 'అప్పటికే' అని ఒక అర్థం చెప్పి చేతులు దులుపుకుంది. మేడమ్ అలా వదల్లేదు. అన్నం తినేశానని చెప్పాలన్నా యా కావాలి, పిలిస్తే ఇదిగో వస్తున్నానని చెప్పాలన్నా యా కావాలి. అల్లరి పిల్లల్ని ఇక చాలని కసరడానికీ అదే. ప్రతి వాడుక పక్కనా తన ఇంట్లో జరిగిన సంగతే ఒకటి రాసేది. ఆ పాఠం కోసమే పిల్లలు ఆమె బ్యాచ్ వెతుక్కుంటూ వచ్చేవారు.

నన్ను ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. నిరంజన్‌కు మాత్రం ఇచ్చింది. క్లాసులో వాడంటే ఆమెకు ప్రాణం. కామెర్లు వచ్చి రెండు వారాలు రాలేకపోయాడు.

"రెండ్రోజులు ఇయ్యుండ్రి మేడమ్, రాసుకొని తెచ్చిస్త" అన్నాడు.

రాసుకోలేదు. నేరుగా జెరాక్స్ షాపుకు తీసుకుపోయాడు. పాఠాలు చెప్పేవాళ్ల నోట్సు కాపీలు తీసి, స్పైరల్ కట్టి అమ్మడం అమీర్‌పేటలో ఉన్నదే. యంత్రం వెలుగులో బోర్లా పడుకుని, నా గొప్ప నలుగురికీ తెలుస్తోందని మురిసిపోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది. చెప్పిన రోజుకే, దండం పెట్టి మరీ తిరిగిచ్చాడు.

నెల తిరగ్గానే ఇన్‌స్టిట్యూట్ యజమాని మేడమ్‌ను పిలిచాడు.

"నిరంజన్ తెచ్చిన మీ నోట్సు కాపీ మన దగ్గర ఉంది గదా మేడమ్. కొత్త బ్యాచ్ నిరంజన్ చూసుకుంటడు. మీరు రెస్టు తీస్కోండి."

పదకొండేళ్ల ఉద్యోగం అలా పోయింది. ఆ ద్రోహానికి దారి నేనే అయ్యానని నాకు ఏడుపొచ్చింది.

ఇన్‌స్టిట్యూట్ బీరువాలోని తన పుస్తకాలు తీసుకెళ్లడానికి వచ్చిన రోజు, నన్ను సంచిలో వేసుకుని మేడమ్ కొత్త బ్యాచ్ క్లాసు ముందు నుంచే నడవాల్సి వచ్చింది. లోపల నిరంజన్ "మా అత్తగారు పిలిచినప్పుడు నేను వంటింట్లోంచి..." అని స్పైరల్‌లో ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాడు. వాడికి ఇంకా పెళ్లి కాలేదు. పిల్లలు ఫక్కున నవ్వారు. వాడు తలెత్తి ఆమెను చూశాడు. కొంచెమైనా తడబడలేదు.

"మంచిగొచ్చిండ్రు మేడమ్. 'యా నో' పేజీ జెరాక్స్‌ల సరిగ్గ పడలే. ఒకసారి చదువుతరా?"

చదవకు తల్లీ అని మొత్తుకున్నాను. ముప్పై పెన్నులు ఆమె కోసం ఆగి ఉన్నాయి. మేడమ్ గుమ్మంలో నిలబడి నన్ను తెరిచింది కానీ, నాలోకి చూడలేదు.

"ఇంతకుముందు ఉండి, ఇప్పుడు లేనిదాని గురించి చెప్పేటప్పుడు 'యా నో' అంటాం. రాసుకోండి. యా నో త్రబాహో అకీ. నేను ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదు."

అందరూ రాసుకున్నారు. నిరంజన్ కూడా రాసుకున్నాడు.