చర్చి నీడ

ఎస్తేరు పొద్దున్నే చర్చి వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఇంటికొచ్చి అన్నానికి ఎసరు పెట్టేది. కడిగే ముందు బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేయడం ఆ ఊరి విశ్వాసుల ఇళ్లలోని ఆడవాళ్లందరికీ అలవాటే. ఆదివారం ఆ బియ్యం చర్చికి తెస్తారు. ఎస్తేరు మాత్రం రెండు పిడికిళ్లు వేసేది. ఆమెకు చర్చి నీడ కావాలి.

దంతాలపల్లి దగ్గరి ఆ ఊళ్లో, మిట్టమధ్యాహ్నం కాగానే చర్చి నీడ గోడ వదిలి బయలుదేరుతుంది. శిలువతో సహా నేల మీద మెల్లగా సాగిపోయి ఎవరో ఒకరి మీద ఆగుతుంది. మిరపకాయలు ఎండబోసుకున్నవాళ్లు అది వస్తుంటే విసుక్కుంటూ పట్టాలు పక్కకు లాక్కుంటారు. ఒకరోజు తండా మంగ్యా మీద ఆగుతుంది, ఇంకోరోజు కల్లు తాగి పడిపోయిన బలరాం మీద. బాప్తిస్మం తీసుకున్నావా అని అది ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

ఎస్తేరు మీదికి మాత్రం ఎన్నడూ రాలేదు.

"ఇంత చేస్తున్న, నా దగ్గర ఏం తక్వైంది పాస్టరన్నా?" అని ఒకసారి అడిగేసింది.

"చేసినందుకు ఇస్తే దాన్ని కూలి అంటరు అక్కా, కృప ఎట్లయితది?" అన్నాడు పాస్టరు కృపాకర్.

ఆమెకు ఒళ్లు మండింది. మర్నాటి నుంచి మూడు పిడికిళ్లు వేసింది.

ఆ ఎండల్లోనే ఆమె మరిది ముత్తయ్య జైలు నుంచి వచ్చాడు. తాగి ట్రాక్టరు నడిపి సొంత అన్నను, అంటే ఎస్తేరు భర్త దేవదాసును, పొట్టన పెట్టుకున్నవాడు. పెద్దమనుషులు ఎటూ తేల్చలేక మాట ఎస్తేరుకే వదిలారు. ఆమె ఉండమంటే ఉండాలి, లేదంటే మధ్యాహ్నం బస్సెక్కి మళ్లీ కనబడకూడదు. అతను ఊళ్లోకి రాకుండా ఆమె పత్తిచేను గట్టు మీదే కూర్చున్నాడు. చుట్టూ చెట్టూ చేమా లేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది.

పొమ్మందామనే ఎస్తేరు చేనుకు బయలుదేరింది. సగం దారిలో నీడ ఆమె పక్కనుంచే దాటిపోయింది. పాదాన్ని కూడా తాకలేదు. నేరుగా వెళ్లి ముత్తయ్యను కప్పేసింది.

ఎస్తేరుకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"లే! గా నీడల నువ్వెట్ల కూసుంటవ్‌రా?" అని అరిచింది.

"నేను పిల్వలే వదినె. అటు జరిగిన, ఇటు జరిగిన, నా ఎంబడే వస్తంది." అతను మళ్లీ జరిగి చూపించాడు, నీడా జరిగింది. "అన్నను చంపినోన్ని, నాకొద్దని మొక్కిన. పోతలేదు. భయమైతంది వదినె."

రెక్క పట్టి ఈడ్చేద్దామని ఆమె ముందుకు నడిచింది. అతన్ని అందుకోవాలంటే నీడలో అడుగు పెట్టక తప్పదు. పెట్టింది.

లోపల చల్లగా ఉంది. తొలివాన పడ్డ మట్టి వాసన వేస్తోంది. ఎస్తేరు చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ చేతిలో చీపురు లేదు, బియ్యం లేదు. మనసు నిండా పగ పెట్టుకుని వచ్చింది. అయినా నీడ ఆమెను బయటికి నెట్టలేదు, ఇంకాస్త పెరిగి ఆమె చెప్పుల దాకా కప్పింది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. ముత్తయ్య సంచి పట్టుకుని లేవబోయాడు.

"కూసో," అంది ఎస్తేరు. "జర అటు జరుగు. నన్ను గూడ కూసోనియ్యి."