బీరువా వెనక ఎర్రదుమ్ము

పొద్దున్న ఎనిమిదింటికి కాటా గది తలుపు తీసి, బల్ల తుడిచి, కిటికీ దగ్గర కూర్చోవడం ఆమెకి తొమ్మిదేళ్ల అలవాటు. గనిలోంచి వచ్చే ప్రతి లారీ ఊరి మధ్యలో ఉన్న ఆ కాటా ఎక్కి, బరువు చీటీ తీసుకుని వెళ్లాల్సిందే. వాటిలో ఒక్క లారీ కోసం మాత్రం ఆమె చెవులు రిక్కించుకుని ఉండేది. దాని డ్రైవరు నలభై దాటిన నెమ్మదస్తుడు.

"అమ్మగారి దగ్గు ఎలా ఉందండీ?" అనేవాడు.

"అలాగే ఉందండీ" అని చీటీ అందించేది.

ఏడేళ్లుగా ఇద్దరి మధ్యా నడిచింది అంతే.

ఆ ఊరి ఎర్రదుమ్ముకి మాటలు పట్టుకునే గుణం ఉంది. చీపురు తగిలితే వదిలేస్తుంది. పొద్దున్నే దుకాణాల ముందు ఊడుస్తుంటే నిన్నటి బేరాలన్నీ వినపడతాయి. గుట్టున్నవాళ్లు నీళ్లు చల్లి ఊడ్చుకుంటారు.

ఒకరోజు రోడ్ల ఇంజనీరు బడి వరండాలో పటం పరిచాడు. "ఖనిజం లారీలకి ప్రభుత్వం విడిగా రోడ్డు వేస్తోంది. కొండ వెనక నుంచి నేరుగా గూడ్సు స్టేషనుకి. ఇక ఊళ్లోకి ఒక్క లారీ రాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. దగ్గే తల్లి వీపు రోజూ నిమిరే చేతులవి, కొట్టకుండా ఎలా ఉంటాయి?

రోడ్డు పూర్తయింది.

"రేపట్నుంచి ఇటు రానండీ" అన్నాడతను.

"తెలుసండీ."

వెనక లారీ హారన్ కొట్టింది. వెళ్లిపోయాడు.

నెల తిరిగేసరికి అమ్మ దగ్గు తగ్గింది. "బట్టలు తెల్లగా ఆరుతున్నాయే!" అని మురిసిపోయింది. ఈమె మాత్రం అతని లారీ వచ్చే వేళకి, పదిన్నరయితే చాలు, ఖాళీ రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయేది. దుమ్ము కూడా మిగల్లేదు, ఊడ్చి వినడానికి.

తర్వాత కాటా మూసేయమని ఉత్తర్వు వచ్చింది. గది ఖాళీ చేస్తూ బీరువా జరిపింది. వెనక పిడికెడు ఎర్రదుమ్ము. చీపురు తగలగానే ఇంజను చప్పుడు, దాని మధ్య తనలో తను మాట్లాడుకుంటున్న అతని గొంతు: "ఇవాళైనా అడిగేద్దాం, నన్ను చేసుకుంటారా అని. కాదంటే కాదంటుంది, కొట్టదుగా... ప్చ్, వెనకవాడు హారన్ కొట్టేస్తున్నాడు."

చీపురు పక్కన పెట్టి గదికి తాళం వేసింది. మర్నాడు ఇంజనీరు ముందు నిలబడింది.

"కొత్త రోడ్డు కాటాకి నన్ను వేయండి సార్."

"చుట్టూ చెట్టు నీడైనా లేదమ్మా. దుమ్ము లేవకుండా రోజంతా నీళ్లు చల్లుతారు, అదొక్కటే సుఖం."

"చల్లనివ్వండి. ఏదైనా ముఖాముఖే మాట్లాడుకుంటాం."

ఇంజనీరు ఇంకేం అడక్కుండా సంతకం పెట్టాడు.

మొదటిరోజే అతని లారీ కాటా ఎక్కింది. కిటికీలో ఆమెని చూసి తడబడ్డాడు.

"అమ్మగారి దగ్గు..."

"తగ్గింది. ఇంక అది కాదు, అసలుది అడగండి."

అతను ఇంజను ఆపేశాడు.

ఆ రోడ్డు మీద ఏ లారీ నిమిషానికి మించి ఆగకూడదని నిబంధన. ఆ రోజు పదకొండు లారీలు పావుగంట ఆగాయి. ఆలస్యానికి కారణం రాయాల్సిన గడిలో ఆమె గుండ్రంగా రాసింది: "మాట్లాడుకున్నాం."