గడ్డివామి కింద బోరు

ఆ మాఘమాసంలో నా చేతిలో ఉన్నవి ఇవి: అద్దంకి అవతల రెండో కోతకు పూత మీదున్న మిరపతోట, మొన్నే వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాని బోరు, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు, మహిమ గారి ఫోన్ నంబరు.

మహిమ గారు గుంటూరు కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యారు. మా ఊరి చర్చి స్కూల్లో నాకు ఎక్కాలు నేర్పిన మాస్టారి కూతురు. ఆ చనువుతో పిలిస్తే వచ్చారు. తోటలో ఇనపమేకులు దిగ్గొట్టి, భూమిలోకి కరెంటు పంపి కొలిచారు. తర్వాత మోటారు షెడ్డులో పటం పరిచారు. నీళ్లు పడ్డ ప్రతి బోరుకీ ఒక నీలం చుక్క. మా తోటకి రెండు చేల అవతలే చుక్కలు గుంపుగా ఉన్నాయి. నీళ్లుంటాయన్న మేరంతా, మా తోటతో సహా, లేత నీలం రంగు వేసి ఉంది.

"ఇంకేంటండీ, నీళ్లున్నట్టేగా! రేపు రిగ్గు వస్తుంది. చోటు చూపించండి."

ఆమె చూపించలేదు.

"ఈ పటం నేనే గీశాను పేరయ్య గారూ. దీని మీద నేను రాసిన వ్యాసం మంచి పత్రికలో వచ్చింది కూడా. ఇప్పుడు చూస్తే భయమేస్తోంది. ఇందులో నీళ్లు పడ్డ బోర్లే ఉన్నాయి."

"పడనివేవండీ?"

"రైతులు చెప్పలేదు. మేమూ గట్టిగా అడగలేదు. ఫలానా చోట వెతికాం, ఏమీ లేదు అని రాస్తే ఏ పత్రికా వేయదు. వేయనిదాన్ని ఎవరూ వెతకరు. భూమిది కోట్ల ఏళ్ల పని, మాది మూడేళ్ల ప్రాజెక్టు. ఆ మూడేళ్లలో ఏదో ఒకటి దొరికిందనాలి."

నాకు సైన్సు తెలియదు గానీ ఈ వ్యవహారం తెలుసు. యార్డుకొచ్చిన మిరపబస్తా మూతి విప్పితే కాయ ఎర్రగా నిగనిగలాడుతుంది. ఆ పైకాయ చూసి ధర కట్టినవాడు కొట్టు మూసుకోవాల్సిందే. నేల మీద కుమ్మరిస్తే అడుగున తెల్లబారిన తాలుకాయ బయటపడుతుంది.

"మీ పటం మూతి దగ్గర కాయండీ. కుమ్మరించాలి," అన్నాను.

ఆమె నవ్వారు. "మా చేలో ఎండుబోరుందని ఒప్పుకునే రైతును ఒక్కణ్ని చూపించండి, కుమ్మరిద్దాం."

నిజమే. మా వైపు నీళ్లు పడని బోరును మట్టి కప్పేసి ఊరుకుంటారు. ఆ మాట పొక్కితే చేనుకు కౌలు పలకదు, కొనేవాడు రాడు.

రిగ్గువాణ్ని ఒక రోజు ఆగమని, పక్క చేను వెంకటేశ్వరమ్మక్క దగ్గరికి వెళ్లాను. ఆమె కాయ ఏటా నా కొట్టుకే వస్తుంది.

"అక్కా, మీ చేలో ఎండుబోరేమైనా ఉందా?"

"ఏ నోరు పడిపోయినవాడు చెప్పాడ్రా? నా చేను బంగారం! కౌలు బేరం తెగే రోజునే దొరికిందా నీకీ ముచ్చట?"

ఆమె చేను నడిమధ్యన గడ్డివామి ఉంది. గడ్డివామి ఎవరైనా దొడ్లో వేసుకుంటారు.

మర్నాడు పొద్దున్నే మహిమ గారిని టీకొట్టు దగ్గరికి తీసుకెళ్లి, అందరూ వింటుండగా చెప్పాను: "నా కొత్త బోరులో చుక్క నీళ్లు లేవు. పటంలో దానికి ఎర్రచుక్క పెట్టండి మేడం."

"నీకు కొట్టుంది. తోట పోయినా తింటావు," అంది అక్కడే టీ తాగుతున్న వెంకటేశ్వరమ్మక్క. "మేమేం తినాలిరా?"

"నీళ్లెక్కడ లేవో తెలియకపోతే నేను ఇంకో ఎండుబోరు తవ్విస్తాను అక్కా. రేపు మీ కౌలుదారూ అంతే."

ఆమె కౌలుదారు ఎలీషా. చిన్నప్పటి నుంచీ ఆమె చేలోనే కూలికి వచ్చి, మొదటిసారి సొంత సేద్యం చేయబోతున్నవాడు. అప్పు తెచ్చి బోరు వేస్తానని ఊరంతా చెప్పుకుంటున్నాడు. వెంకటేశ్వరమ్మక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"వామి కింద," అంది. "గడ్డివామి కింద ఉంది. పెట్టుకోమ్మా నీ చుక్క."

"ఓసి నీ తెలివి! అందుకా ఆ వామి?" అని ఎవరో నవ్వారు. "నీ జామాయిల్ తోటలో ఏముందో చెప్పమంటావా?" అందామె. ఆ తర్వాత ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టుకున్నారు.

మధ్యాహ్నానికి పటం నిండా ఎర్రచుక్కలు. మహిమ గారు స్కేలు పెట్టి గీత గీశారు. అటు నీలం, ఇటు ఎరుపు.

"నల్లరాయి గోడ," అన్నారు. "ఎప్పుడో కరిగిన రాయి భూమి పగులులోకి ఎక్కి గడ్డకట్టింది. నీళ్లు దానికి అవతలే ఆగిపోతున్నాయి. ఒక్క నీలం చుక్కలతో ఇది కనబడేది కాదు."

నా తోట ఎరుపు వైపు పడింది.

"అయితే వద్దంటారా?"

"వద్దనే అంటాను. నేను తప్పు కావచ్చు. కానీ ఎందుకు వద్దంటున్నానో ఈసారి చూపించగలను."

తన వ్యాసంలో నా తోట మీద వేసిన నీలం రంగును ఆమే ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశారు. ఆ సవరణను పత్రికకు పంపితే కొత్త సంగతేమీ లేదని తిప్పి పంపారట. "తాలుకాయకు ధర లేదన్నారు పేరయ్య గారూ. మళ్లీ పంపుతున్నాను," అని ఫోన్ చేశారు.

ఇదీ ఆఖరి లెక్క. పూత రాలింది, రెండో కోత పోయింది. రిగ్గు వెనక్కి వెళ్లింది. పత్రిక ఇంకా వేయలేదు. ఎలీషా అప్పు చేయలేదు. ఆ చేనే తక్కువ కౌలుకు తీసుకుని, వానకు పండే కంది వేశాడు. వచ్చిందల్లా టీకొట్టు గోడకు అంటించిన పటం. ఇప్పుడు రిగ్గును పిలిచే ముందు మనుషులు దాని దగ్గర కాసేపు నిలబడుతున్నారు.

వెంకటేశ్వరమ్మక్క వామిని దొడ్లోకి మార్చింది. చేను మధ్యలో బోరు మూత దారినపోయేవాళ్లందరికీ కనిపిస్తోంది.