కోర్టు పాడమన్న పాట

నా పెళ్ళాం నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదని మా అమ్మ పెళ్ళికి ముందే హెచ్చరించింది. నేను వింటేనా? కోముజ్ ఒళ్ళో పెట్టుకుని, తీగలు మీటుతూ, ఎదుటివాడి మాటకు అప్పటికప్పుడు పాట కట్టి తిప్పికొడుతున్న బురుల్చాను చూసి మనసు పారేసుకున్నాను. మామూలు రోజుల్లో బళ్ళో పిల్లలకు సంగీతం చెబుతుంది. పండగొస్తే ఐతిష్‌లో కూర్చుంటుంది. ఇద్దరు ఆశుకవులు ఎదురెదురుగా కూర్చుని పాటలతో ఒకళ్ళనొకళ్ళు ఏకిపారేసుకునే పోటీ అది. మధ్యలో పెద్దమనుషుల్నీ వదలరు. ముందు వరసలో ఖాన్ కూర్చున్నా సరే, పాటలో అన్న మాటకు కోపం తెచ్చుకోకూడదన్నది తాతల నాటి పద్ధతి.

మా దోరోన్‌బెక్ ఖాన్ కాదు కదా, ఉత్త జిల్లా అధికారి. ఆయనకు వకీలున్నాడు.

వసంతం మొదట్లో వచ్చే నూరుజ్ పండగనాడు బురుల్చా పోటీ మధ్యలో ఆయన వైపు తిరిగి అందుకుంది.

"ఏటేటా రిబ్బను కోస్తావు, ఏరు దాటేదెన్నడు అన్నా?
వంతెన మాత్రం కాగితమెక్కె, వరదల్లో మేమున్నా."

మైదానం విరగబడి నవ్వింది. అధికారి కూడా పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. అక్కడితో ఆపొచ్చుగా? ఊపులో ఉన్న మనిషి ఆపుతుందా?

"వంతెన ఇనుము ఏదీ అంటూ వెతకొద్దండీ జనులారా,
మామగారింటి కప్పును చూడండి, మిలమిల మెరిసెను కనులారా."

ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. దోరోన్‌బెక్ మొహం మాత్రం మాడిపోయింది.

వారం తిరక్కుండా కోర్టు కాగితం వచ్చింది. రెండు పాటలూ అబద్ధాలే, నా పరువు పోయింది, వెనక్కి తీసుకోవాలి అని దావా వేశాడు. బడి పెద్దసారు బురుల్చాను పిలిచి, మంచినీళ్ళిచ్చి, "ఓడిపోతే నిన్ను బళ్ళో ఉంచలేనమ్మా, పైనుంచి మాటొచ్చింది" అన్నాడు.

ఇంటికొచ్చి మాత్రం మహారాణిలా కూర్చుంది. "రాజ్యాంగం తీసి చూడు. మాట్లాడే హక్కు ప్రతి మనిషికీ ఉందని రాశారు."

"పరువు కూడా ప్రతి మనిషికీ ఉందని అందులోనే రాశారు. దోరోన్‌బెక్ మామగారు, సుల్తానాలి తాత మనిషి కాడా?" అన్నాను.

"తాతనేమన్నాను? ఆయన అల్లుణ్ణి కదా అన్నది."

"కప్పెవరిది మరి? ఆ రేకులు నా వ్యాను మీదే వచ్చాయి. గొర్రెలమ్మి కొనుక్కున్నాడు పాపం. బజార్లో దగ్గరుండి తాళ్ళతో కట్టించింది నేను."

చాయ్ గిన్నె కింద పెట్టేసింది. "ముందే చెప్పి చావొచ్చుగా."

"నువ్వేం పాడబోతున్నావో నీకే తెలీదు. నేనేం చెప్పను?"

గిన్నె పక్కకు జరిపి మెల్లగా అడిగింది, తాత చాయ్‌ఖానాకు రావడంలేదట కదా అని. నిజమే. పక్క ఊళ్ళ పోకిరీలు బండ్లాపి మరీ ఆయన కప్పును ఫొటోలు తీసుకుంటున్నారు. ముసలాయన మసీదుకు కూడా సందు దారిన తల దించుకుని పోతున్నాడు. అది చెబితే బురుల్చా కళ్ళు తడయ్యాయి. నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

"వెళ్ళి చేతులు పట్టుకో. పోయేదేముంది?"

"ఇప్పుడెళ్తే దోరోన్‌బెక్ ఏమంటాడు? చూశారా, అన్నీ అబద్ధాలే అని ఒప్పుకుంది అంటాడు. కప్పుతో పాటు వంతెన మాట కూడా కొట్టుకుపోతుంది. అది నిజం కదయ్యా."

అదీ అసలు చిక్కు. నోరుజారిన ఒక్క మాట పక్కనున్న నిజం మెడకు చుట్టుకుంది.

కోర్టులో వకీలు నన్ను సాక్షిగా పిలిచాడు. జడ్జిగారు, అద్దాలు ముక్కు చివర పెట్టుకున్న ఒక పెద్దావిడ, నాతో అంది, "భార్యకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనక్కర్లేదు. రాజ్యాంగం మీకిచ్చిన హక్కది. నోరు మూసుకుని కూర్చోవచ్చు."

"ఇంట్లో నాకున్న హక్కు కూడా అదొక్కటేనండి" అన్నాను. హాలంతా నవ్వింది. బురుల్చా నవ్వలేదు. నన్ను సూటిగా చూసి, "చెప్పు, కుబాత్. ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

చెప్పేశాను. గొర్రెలూ, రేకులూ, తాళ్ళూ, అన్నీ.

జడ్జిగారు తీర్పు చదివింది. వంతెన ప్రజల పని. దాని గురించి ప్రజలు అడగొచ్చు, ఎగతాళి చెయ్యొచ్చు, పాడుకోవచ్చు. ఆ పాట జోలికి ఎవరూ రాకూడదు. కప్పు మాటకు ఆధారం లేదు, అది మాత్రం వెనక్కి తీసుకోవాలి.

సగమే గెలిచిన వకీలు ఊరుకోలేదు, లేచాడు. "మాట ఏ పద్ధతిలో జనంలోకి వెళ్ళిందో ఖండన కూడా అదే పద్ధతిలో వెళ్ళాలని చట్టంలో ఉంది. ఐతిష్‌లో అంది కాబట్టి ఐతిష్‌లోనే పాడాలి. కోముజ్‌తో, ఆ మైదానంలోనే, జనం ముందు." జడ్జిగారు అద్దాల మీదుగా అతన్ని చూసి, "బాగా ఆలోచించుకున్నారా?" అని అడిగింది. దోరోన్‌బెక్ వెనకనుంచి గట్టిగా తలూపాడు.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో బురుల్చా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. "పాడకపోతే ఉద్యోగం పోతుంది. పాడితే, కోర్టు పాడించిన కవి అని పేరు పడి, నన్నింకెవరూ పోటీలకు పిలవరు. ఇంక నా పాటకి విలువేముంటుంది?" అంది.

తర్వాతి పండగకి జనం తిరునాళ్ళకొచ్చినట్టు ఊడిపడ్డారు. దోరోన్‌బెక్ భార్యనీ మామగారినీ కార్లో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టుకున్నాడు. వకీలు ఫోను పట్టుకుని రికార్డు చెయ్యడానికి నిలబడ్డాడు. బురుల్చా వేదికెక్కింది, కోముజ్ తీసుకుంది, మళ్ళీ దిగింది. అధికారి తనకోసమే వస్తోందనుకుని కోటు సర్దుకున్నాడు. ఆవిడ ఆయన్ని దాటి వెళ్ళి ముసలాయన కాళ్ళ ముందు గడ్డిలో కూర్చుంది.

"కప్పు నీదే, కష్టం నీదే, తాతా, గొర్రెలమ్మిన సొమ్మూ నీది,
తొందరపడిన నా నాలుక దోచిన సొత్తది, నాది కాదు, నీది.
తీర్పుకు భయపడి రాలేదు, నీ దించిన తల చూడలేక వచ్చాను,
నీ పరువిదిగో, నీ ముంగిట్లో నా చేతులతో పెట్టాను."

ఎవరూ నవ్వలేదు. దోరోన్‌బెక్ చప్పట్లు కొట్టబోయాడు. సుల్తానాలి తాత చెయ్యెత్తి ఆపాడు.

మా దగ్గర క్షమించమని వచ్చినవాళ్ళను పెద్దవాళ్ళు ఉత్తచేతులతో పంపరు, దీవిస్తారు. ఆయన రెండు అరచేతులూ పైకి తెరిచాడు. మైదానంలో అందరం తెరిచాం. అధికారీ తెరిచాడు, వకీలు ఫోను జేబులో పెట్టి మరీ తెరిచాడు.

"నిన్ను క్షమించాను బిడ్డా. కప్పు నాదేనని ఊరంతా విన్నారు, నాకంతే చాలు. నీ గొంతు చల్లగా ఉండాలి. నీ నోరు ఎవరూ నొక్కకుండా ఉండాలి." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నా ముసలిదాన్ని ఏరవతల మట్టిలో పడుకోబెట్టి వచ్చాం. నీళ్ళు తగ్గితే తప్ప దాని దగ్గరికి పోలేకపోతున్నాను. నా అల్లుడు వంతెన కట్టాలి. దాని మీద నేను నడిచి వెళ్ళాలి. నలుగురి భుజాల మీద కాదు, నా కాళ్ళతో."

"ఓమీన్, అలాగే కావాలి" అంది మైదానమంతా.

పెద్దవాళ్ళు దీవిస్తుంటే మధ్యలో చేతులు దించేవాడు మా దేశంలో లేడు. దోరోన్‌బెక్ పెదాలు కూడా ఆ మాటకు కదిలాయి. దీవెన ముగిసిందని అందరిలాగే రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు, కానీ చేతులు మొహం మీంచి తియ్యలేదు. పక్కన అతని భార్య, సుల్తానాలి తాత కూతురు, వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అమ్మ దగ్గరికి దారి లేదు, వంతెన కట్టమని ఇంట్లో నేనంటే ఎప్పుడైనా విన్నావా?" అంది అతనితో.